మినోటార్ ఎందుకు తేలిక, మమ్మీ ఎందుకు కష్టం

కానూరు, వడ్డేశ్వరం వైపు ఇంజనీరింగ్ హాస్టళ్లలో డంజియన్ క్రాల్ స్టోన్ సూప్ లాంటి నేలమాళిగ ఆటలు (అంతస్తులు దిగుతూ రాక్షసులతో పోరాడే కంప్యూటర్ ఆటలు) ఆడే కుర్రాళ్ల మధ్యకి కొత్తవాడెవడైనా వస్తే ముందుగా అడిగేది ఒకటే: "ఏ రేస్ తీసుకోమంటావ్ బాబాయ్?" రేస్ అంటే ఆటలో మన పాత్ర జాతి. జవాబూ వెంటనే వస్తుంది: "మినోటార్ తీస్కో. గొడ్డలి పట్టుకుని దిగు, అంతే." సలహా మంచిదే. ఎందుకు మంచిదో చెప్పమంటే మాత్రం చాలామంది చెప్పే కారణం సరిపోదు. మినోటార్, అంటే ఎద్దు తల ఉన్న మనిషి, గట్టిగా కొడుతుంది కాబట్టి అంటారు. గట్టిగా కొట్టే జాతులు ఇంకా ఉన్నాయి. ట్రోల్ వట్టి గోళ్లతోనే చీల్చేస్తుంది, పైగా దానికి మామూలు కంటే 30 శాతం ఎక్కువ హెచ్‌పీ (ప్రాణబలం), గాయాలు కూడా వాటంతటవే త్వరగా మానిపోతాయి. అయినా కొత్తవాడికి ట్రోల్ కంటే మినోటారే నయం. ఎందుకంటే మినోటార్‌కి ఆట "కుదరదు" అని చెప్పేవి దాదాపు లేవు. కొమ్ములున్నాయి కాబట్టి హెల్మెట్ పెట్టుకోలేదు. మంత్రాలు అంత తేలిగ్గా అబ్బవు. మిగతాదంతా మామూలే: దొరికిన కవచం తొడుక్కోవచ్చు, దొరికిన పోషన్ (మంత్రపు మందు సీసా) తాగొచ్చు, నచ్చిన దేవుణ్ణి కొలవొచ్చు, పరిస్థితి బాగోకపోతే పారిపోవచ్చు.

జాతి ఎంచుకునేటప్పుడు అందరి కళ్లూ ప్లస్ గుర్తుల మీదే ఉంటాయి. కానీ ప్లస్సులూ మైనస్సులూ ఆట సాగేకొద్దీ అరిగిపోతాయి. "కుదరదు" అన్న మాట ఆఖరి అంతస్తు దాకా అరగదు. అందుకే ఏ జాతి గురించైనా ముందు చదవాల్సింది అది ఏం చేయలేదో. ఏం చేయగలదో తర్వాత చూసుకోవచ్చు.

ఇక్కడ చెప్పుకుంటున్న ఆట ముఖ్యంగా డంజియన్ క్రాల్ స్టోన్ సూప్. లిన్లీ హెంజెల్ 1997లో విడుదల చేసిన డంజియన్ క్రాల్‌ను 2006 నుంచి కొందరు ఔత్సాహికులు కలిసి ఈ పేరుతో కొనసాగిస్తున్నారు. పైసా ఖర్చు లేదు. గ్రాఫిక్స్ కార్డు లేని పాత ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది, బ్రౌజర్‌లోనూ ఆడొచ్చు. మనం అడుగు వేస్తేనే రాక్షసులూ కదులుతారు కాబట్టి హాస్టల్ వైఫై ఎంత మొరాయించినా నష్టం లేదు. మధ్యలో మెస్‌కి వెళ్లి తినొచ్చినా ఓగర్ ఎక్కడున్నవాడు అక్కడే ఉంటాడు. జోట్ గోళాన్ని దక్కించుకుని బయటపడటం లక్ష్యం. అది ఉన్న చోటికి వెళ్లాలంటే నేలమాళిగలో దాగి ఉన్న మొత్తం 15 రూన్లలో (మంత్ర చిహ్నాల్లో) కనీసం 3 సంపాదించాలి. చచ్చిపోతే పాత సేవ్ ఫైలు తెరుచుకుని వెనక్కి వెళ్లడం ఉండదు, మళ్లీ మొదటి అంతస్తు నుంచే.

మొదట్లో రెండు ఎంచుకోవాలి: జాతి, నేపథ్యం. నేపథ్యం అంటే చేతిలో ఏ ఆయుధంతో, ఏ మంత్రంతో దిగుతామన్నది. అది మొదటి కొన్ని అంతస్తుల వ్యవహారం. యోధుడిగా మొదలైనవాడు దారిలో పుస్తకం దొరికితే మంత్రాలు నేర్చుకోవచ్చు, మాంత్రికుడిగా దిగినవాడు గొడ్డలి ఎత్తుకోవచ్చు. జాతి అలా కాదు, మార్చుకుందామనుకుంటే దాదాపు దారి లేదు. చిత్రమేమిటంటే కొత్తవాళ్లు నేపథ్యం దగ్గర గంటసేపు తర్జనభర్జన పడి, జాతిని బొమ్మ చూసి నొక్కేస్తారు.

ప్లస్సులు అరిగిపోతాయనడానికి లెక్క ఉంది. ప్రతి జాతికీ ప్రతి విద్యలోనూ ఒక ఆప్టిట్యూడ్ అంకె ఉంటుంది. ఆ అంకె నాలుగు పెరిగితే విద్య నేర్చుకోవడానికి అయ్యే ఎక్స్‌పీ (ఆటలో సంపాదించే అనుభవం) సగమవుతుంది, నాలుగు తగ్గితే రెట్టింపవుతుంది. ఒక్క అంకెకి సుమారు 19 శాతం తేడా. +4 ఉన్నవాడికీ −4 ఉన్నవాడికీ మధ్య నాలుగు రెట్లు. వినడానికి ఘోరంగా ఉంటుంది గానీ, విద్యలో పైకి వెళ్లేకొద్దీ ఒక్కో మెట్టు ఖరీదు పెరుగుతూ పోతుంది. అందుకని ఎక్స్‌పీ సగమే చెల్లినా మెట్లు సగానికి పడిపోవు. రెట్టింపు ఖర్చు పెట్టాల్సినవాడు కొన్ని మెట్లు వెనకబడతాడు. దారిలో ఒక మంచి ఆయుధం దొరికితే ఆ లోటు పూడిపోతుంది. గొడ్డళ్లలో మైనస్ ఉన్న జాతితో గొడ్డలి పట్టి గెలవడం కష్టమే తప్ప అసాధ్యం కాదు. ఆయుధమే పట్టలేని పిల్లి జాతికి ఎంత గొప్ప గొడ్డలి దొరికితే మాత్రం ఏం లాభం?

మమ్మీని, అంటే గుడ్డలు చుట్టిన నడిచే శవాన్ని, చూస్తే ఇది బాగా తెలుస్తుంది. మమ్మీ పోషన్లు తాగలేదు. తెర మీద అది ఒక్క వాక్యమే. హెచ్‌పీ 10కి పడిపోయి ఎదురుగా ఓగర్ గదా ఎత్తినప్పుడు ఆ వాక్యం బరువు తెలుస్తుంది. మిగతా జాతుల్లో దాదాపు ఎవడైనా ఆ క్షణంలో ముందు గాయాలు మాన్పే పోషన్ వైపు చూస్తాడు, లేదంటే వేగం పెంచే పోషన్ తాగి పరుగు తీస్తాడు. మమ్మీకి ఈ రెండూ లేవు. దారి పొడవునా దొరికే సీసాలన్నీ దానికి దండగే. దానికి తోడు దాదాపు అన్ని విద్యల్లోనూ వెనకబాటు, మంటలంటే ఎక్కువ నష్టం. బదులుగా దక్కేవి విషం ఎక్కకపోవడం, చివరి అంతస్తుల్లో హెచ్‌పీని ఒక్కసారిగా కోసేసే టార్మెంట్ పనిచేయకపోవడం లాంటివి. ఇవి మంచి వరాలే. కాకపోతే ఎక్కువగా పనికొచ్చేది ఆట చివర్లో, పోషన్ లేని లోటు మాత్రం మొదటి అంతస్తు నుంచే. వరం అందేలోపు ప్రాణం ఉండాలి కదా.

ఒకప్పుడు ఈ బేరంలో ఇంకో వరం కూడా ఉండేది. మమ్మీకి ఆకలి లేదు. మిగతావాళ్లు శవాలు కోసుకుని, రొట్టెలు లెక్కపెట్టుకుని, మంత్రం వేసినప్పుడల్లా ఆకలి పెరుగుతుందని భయపడుతూ ఆడుతుంటే మమ్మీ నిశ్చింతగా మంత్రాలు వేసుకునేది. 2021లో వచ్చిన 0.26 వెర్షన్‌లో ఆట నుంచి ఆకలినే ఎత్తేశారు. దాంతో తిండిపోతు ట్రోల్ బాగుపడింది, మాంసం ముట్టని చిట్టి జాతి స్ప్రిగన్ బాగుపడింది, ఆకలికి భయపడే మాంత్రికులందరూ బాగుపడ్డారు. మమ్మీకి ఉన్న ప్రత్యేకత ఒకటి పోయింది. మమ్మీని ఎవరూ ముట్టుకోలేదు, చుట్టూ ఉన్న నియమం మారింది, అంతే. పదేళ్ల కిందటి సీనియర్ చెప్పిన సలహాను ఇప్పుడు గుడ్డిగా పాటించకూడదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. ఆ రోజుల్లో వాళ్లు మెచ్చుకున్న సెంటార్, హాఫ్లింగ్, డీప్ డ్వార్ఫ్ ఇప్పటి జాబితాలో అసలు లేవు.

ఫార్మిసిడ్ సంగతి వేరు. ఇది చీమ జాతి, నాలుగు చేతులు. రెండు చేతుల ఆయుధం పట్టుకుని కూడా డాలు మోయగలదు. ఆ ఒక్క మాట చదివి చాలామంది ఎగిరి గంతేస్తారు. తర్వాతి వాక్యం చదవరు: దీనికి శాశ్వతంగా స్టాసిస్ ఉంటుంది. టెలిపోర్ట్ పనిచేయదు, బ్లింక్ (మాయమై కాస్త దూరంలో తేలడం) పనిచేయదు, వేగం పెరగదు, బెర్సర్క్ ఆవేశం రాదు. అంటే ఈ ఆటలో పారిపోయే దారుల్లో సగానికి పైగా మూసేసినట్టే. అయితే అదే స్టాసిస్ దాన్ని కాపాడుతుంది కూడా. పక్షవాతం కలిగించే దెబ్బలు, నెమ్మదించే మంత్రాలు దాని మీద పారవు. పైగా గోడలు తవ్వగలదు, నేలను తవ్వి కింది అంతస్తుకి జారిపోగలదు. కాబట్టి ఫార్మిసిడ్ ఆడేవాడు పారిపోవడాన్ని కొత్తగా నేర్చుకోవాలి: ప్రమాదం వచ్చాక మాయమవడం కుదరదు, వచ్చే ముందే గోడలోంచి ఇరుకు దారి తవ్వి పెట్టుకోవాలి. ఆటలో ఉన్న జాతులన్నిటిలోనూ నిషేధం ఇంత అందంగా ఆటతీరుగా మారింది దీనికే.

డెమిగాడ్‌కి బలం, చురుకుదనం, తెలివి అన్నీ ఎక్కువే, కానీ ఏ దేవుణ్ణీ కొలవలేదు. ఈ ఆటలో దేవుడంటే అలంకారం కాదు. ట్రోగ్ ఆవేశమూ ఆయుధాలూ ఇస్తాడు, ఒకావరు యుద్ధంలో తోడుంటాడు, సిఫ్ మునా మంత్రగాళ్ల పక్షం. చావు అంచున ఉన్నప్పుడు ఆఖరి ఆసరా చాలాసార్లు దేవుడే. అది వదులుకున్నందుకు ఇచ్చే అంకెలు పరిహారంగా చాలవనే చెప్పాలి. ఆక్టోపస్ జాతికి ఒంటికి కవచం పట్టదు గానీ ఎనిమిది ఉంగరాలు పెట్టుకోవచ్చు, మంచి ఉంగరాలు దొరికితే రాజు, లేకపోతే లేదు. నోల్ ఏ విద్య నేర్చుకోవాలో ఎంచుకోలేదు, అన్నీ ఒకేసారి పెరుగుతాయి. ఏది నేర్చుకోవాలో తెలియని కొత్తవాడికి ఇది నిజానికి మేలే.

ఇక వేగం. హెచ్‌పీ, కవచం గురించి మాట్లాడినంతగా దీని గురించి ఎవరూ మాట్లాడరు, కానీ చావుబతుకులు తేల్చేది ఎక్కువగా ఇదే. మామూలు జాతి ఒక అడుగు వేయడానికి ఆటలో 10 యూనిట్ల కాలం పడుతుంది. స్ప్రిగన్‌కి 6 చాలు. అంటే ఓగర్ 3 అడుగులు వేసేలోపు స్ప్రిగన్ 5 వేస్తుంది. కొట్లాట నచ్చకపోతే నడిచి వెళ్లిపోవచ్చు, వెంటపడి పట్టుకునేవాళ్లు చాలా తక్కువ. ఇంత వరానికి మూల్యం 30 శాతం తక్కువ హెచ్‌పీ, పెద్ద ఆయుధాలు పట్టలేకపోవడం. ఇక్కడ కొత్తవాళ్లు ఒక పొరపాటు పడతారు. స్ప్రిగన్ వేగం అడుగుకే, దెబ్బకి కాదు. పక్కన నిలబడి కొట్టుకోవడం మొదలుపెడితే అది ఒక బక్కప్రాణి మాత్రమే. దాని బతుకంతా నిద్రపోతున్న శత్రువుని చాకుతో పొడవడంలో, మేల్కొన్నవాడికి అందకుండా పోవడంలో ఉంది.

నాగా సరిగ్గా దీనికి ఎదురు. నాగులచవితికి పుట్టలో పాలు పోసి పెరిగినవాళ్లకి జాబితాలో ఆ పేరు కనపడగానే చెయ్యి అటే పోవడం సహజం. సగం మనిషి, సగం పాము, విషం ఉమ్ముతుంది, తోకతో చుట్టి నలిపేస్తుంది, 20 శాతం ఎక్కువ హెచ్‌పీ. కానీ దాని అడుగుకి 14 యూనిట్లు. మామూలు శత్రువు 7 అడుగులు వేసేలోపు నాగా 5 మాత్రమే వేస్తుంది. పక్కకి చేరిన శత్రువు నుంచి వెనక్కి తగ్గడమంటే ప్రతి రెండు మూడు అడుగులకీ ఒక దెబ్బ ఉచితంగా తినడమే. కాబట్టి నాగాతో పారిపోవాలా వద్దా అన్నది కొట్లాట మధ్యలో తేల్చుకునే విషయం కాదు. శత్రువు దూరంగా కనపడ్డప్పుడే తేల్చుకోవాలి. మెట్ల మీద నిలబడి పోరాడటం ఎవరికైనా మంచి అలవాటు, నాగాకి అది తప్పనిసరి. మెట్లెక్కితే ఆనుకుని ఉన్న శత్రువులే వెంట వస్తారు, మిగతా గుంపు కిందే ఉండిపోతుంది.

ఇదంతా విన్నాక కూడా "అన్నిట్లో బెస్ట్ రేస్ ఏది?" అని అడిగేవాళ్లుంటారు. గుంటూరు మిర్చి యార్డులో ఏ కాయ మంచిదని అడిగితే దేనికోసమని తిరిగి అడుగుతారు. ఘాటు కావాలంటే తేజ, రంగు కావాలంటే బ్యాడిగి. ఇక్కడా దేనికోసమో ముందు తేలాలి. మొదటిసారి గెలవడం కోసమా, మంత్రాలు నేర్చుకోవడం కోసమా, ఆడిందే ఆడి విసుగొచ్చా?

జాతి ఎంచుకోవడం ఒక ఎత్తు, దాన్ని ఆడటం మరో ఎత్తు. మినోటార్‌తో పది అంతస్తులు దిగినవాడికి చేతులకి కొన్ని అలవాట్లు పడిపోతాయి. గుంపు కనపడితే ఇరుకు దారిలోకి తగ్గి ఒక్కొక్కరినీ నరకడం, హెచ్‌పీ సగానికి పడేదాకా పట్టించుకోకపోవడం, ఎవరైనా మీద పడితే కొమ్ములు వాటంతటవే తిరిగి పొడుస్తాయన్న ధీమా. అదే చేత్తో డీప్ ఎల్ఫ్‌ని ఆడితే రెండో మూడో అంతస్తులో సిగ్మండ్ అనే శత్రువు కొడవలికి బలి. డీప్ ఎల్ఫ్‌కి మంత్రాల్లో మంచి ఆప్టిట్యూడ్, హెచ్‌పీ 20 శాతం తక్కువ. ఇరుకు దారి దానికి కూడా పనికొస్తుంది గానీ కారణం వేరు: శత్రువులు దూరం నుంచే వరసగా నడిచి రావాలి, దగ్గరికి చేరేలోపు మంత్రాలకి పడిపోవాలి. దగ్గరికి వచ్చాడంటే లెక్క తప్పినట్టే. హెచ్‌పీ సగానికి పడ్డాక ఆలోచించే అలవాటు ఇక్కడ ప్రాణం తీస్తుంది, ఎందుకంటే మిగిలిన సగం ఒక్క గదా దెబ్బకి సరిపోతుంది.

గార్గోయిల్ ఈ రెండిటికీ మధ్యది, దాని మీద జనానికి ఉండాల్సినంత గురి లేదు. రాతి శరీరం, విషం ఎక్కదు, లెవెల్ పెరిగేకొద్దీ ఒంటికి ఉన్న రక్షణ కూడా పెరుగుతుంది. హెచ్‌పీ 20 శాతం తక్కువే, కానీ చిన్న చిన్న దెబ్బలు తగిలినట్టే అనిపించవు. మొదటి అంతస్తుల్లో నక్కల గుంపులు, పాములు మనల్ని చంపేది చిన్న దెబ్బలతోనే కదా. మంత్రాలైనా ఆయుధమైనా ఏ దారిలో వెళ్లినా మోసం చేయదు. రెండో ఆటకి ఇంతకంటే మంచి ఎంపిక కనపడదు.

జాతుల తేడా నిజంగా తెలుసుకోవాలంటే మంచి పద్ధతి ఒకటుంది. ఆటని సొంత కంప్యూటర్‌లో పెట్టుకుంటే సీడ్ అంకె మనమే ఇవ్వొచ్చు. ఒకే వెర్షన్‌లో ఒకే సీడ్ ఇస్తే అంతస్తులు, గదులు, వస్తువులు అవే వస్తాయి. హాస్టల్ గదిలో ఇద్దరు అదే సీడ్‌తో కూర్చుని ఒకరు మినోటార్, ఒకరు స్ప్రిగన్ తీసుకుంటే రాత్రి తెల్లారేసరికి వాళ్లు రెండు వేర్వేరు ఆటలు ఆడినట్టుంటుంది. ఒకడు గొడవపడి సంపాదించిన గదిని ఇంకొకడు తలుపు దగ్గర నుంచే చూసి వదిలేస్తాడు. ఒకడికి పండగలా అనిపించిన ప్లేట్ కవచం ఇంకొకడికి పట్టదు.

నిషేధం అన్ని ఆటల్లోనూ ఒకేలా ఉండదు. 1987లో మొదటిసారి వచ్చిన నెట్‌హాక్‌లో జాతి ఎక్కువగా మార్చేది మన శరీరాన్ని కాదు, లోకం మనతో ప్రవర్తించే తీరుని. అందులో ఎల్ఫ్ మొదట్లో ఒక వృత్తిలా ఉండేది. 1999లో వచ్చిన 3.3.0 వెర్షన్‌లో జాతిని, వృత్తిని విడదీశారు. మనిషి, ఎల్ఫ్, డ్వార్ఫ్, నోమ్, ఓర్క్ అని ఐదు జాతులు. ఆట మొదట్లోనే నోమ్‌ల గనులు తగులుతాయి. మనిషిగా దిగితే అక్కడ డ్వార్ఫ్‌లు గొడ్డళ్లతో, పికాసులతో మీద పడతారు, చాలా ఆటలు అక్కడే ముగుస్తాయి. డ్వార్ఫ్‌గానో నోమ్‌గానో దిగితే అక్కడి జనంలో ఎక్కువమంది మనల్ని పలకరించినట్టు పక్కకి తప్పుకుంటారు. డ్వార్ఫ్ జాతి వాల్కిరీని (వాల్కిరీ అంటే యోధురాలి వృత్తి) అందరూ మొదటి గెలుపుకి సిఫార్సు చేసేది ఇందుకే. పైగా చీకట్లో వెచ్చని శరీరాలున్న ప్రాణులు కూడా దానికి కనపడతాయి, మనిషికి ఆ చూపు లేదు.

అయితే ఆ స్నేహానికీ ఒక ఖరీదుంది. ఆ డ్వార్ఫ్ చేతిలో మనకి కావాల్సిన పికాసు, నెత్తిన ఇనుప టోపీ కనపడుతూ ఉంటాయి. శత్రువైతే చంపి తీసుకోవచ్చు. మనతో శాంతిగా ఉన్నవాణ్ణి చంపితే అదృష్టం బాగా పడిపోతుంది, నెట్‌హాక్‌లో అదృష్టం పోయినవాడి ప్రార్థన దేవుడు వినడు. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్న వస్తువుని తీసుకోలేకపోవడం కూడా ఒక నిషేధమే. ఓర్క్‌కి విషం ఎక్కదు. విషపు బాణం ఒక్కటి తగిలి ప్రాణం పోయే అవకాశం ఉన్న ఆటలో అది చిన్న సంగతి కాదు. అంతకు ముందు తరానికి చెందిన మోరియా 1983 నాటికి ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో పుట్టింది. అందులో నోమ్ జాతికి పక్షవాతం తగలదు. కొత్తవాడు కదలకుండా తేలుతున్న కన్నుని చూసి అమాయకంగా వెళ్లి కొట్టి, కదల్లేక అక్కడే చచ్చిపోయే ఆటలో నోమ్ ఎందుకు తీసుకోమన్నారో ఒక్కసారి చస్తే తెలుస్తుంది.

ఈ కంప్యూటర్ ఆటలన్నిటికీ మూలమైన బల్ల మీది ఆట మాత్రం ఈ విషయంలో వెనక్కి నడిచింది. గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో నిషేధాలు కఠినంగా ఉండేవి. డ్వార్ఫ్ యోధుడైతే ఆరో లెవెల్ దాటకూడదు, హాఫ్లింగ్ నాలుగో లెవెల్ దాటకూడదు. మనిషికి ఆ అడ్డు లేదు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ ఆ గోడలన్నీ కొట్టేసి ఏ జాతి ఏ వృత్తైనా చేయొచ్చంది. 2024 నియమాల్లో బలం, తెలివి లాంటి అంకెలకి వచ్చే అదనం కూడా జాతి నుంచి తీసేసి నేపథ్యానికి ఇచ్చారు. ఇప్పుడు జాతికి మిగిలింది చూపు, ఓర్పు, పుట్టుకతో వచ్చే ఒకటి రెండు విద్యలు.

బల్ల మీద ఆటకి ఈ మార్పు మంచిదే. ఒంటరిగా స్టోన్ సూప్ ఆడేవాడు చచ్చిపోతే రెండు నిమిషాల్లో ఇంకో జాతితో దిగుతాడు, నిషేధం వాడికి కొత్త రుచి. బల్ల చుట్టూ ఐదుగురు కూర్చుని నెలల తరబడి ఒకే కథ నడుపుతుంటే, ఆరో లెవెల్ దగ్గర ఆగిపోయిన డ్వార్ఫ్‌ని పెట్టుకుని ప్రతి ఆదివారం కూర్చోవడం శిక్ష.

కానీ అంకెలు పోయాక మిగిలిన విద్యల విలువ ఎంతన్నది, కథ ఎక్కడ జరుగుతుందన్న దాని మీద పూర్తిగా ఆధారపడుతుంది. ఉండవల్లి గుహల నుంచి మంగళగిరి కొండకి సొరంగం ఉందని ఈ చుట్టుపక్కల పెద్దవాళ్లు చెప్పుకునే కథ చాలామంది వినే ఉంటారు. నేలమాళిగ ఆటకి ఇంతకంటే మంచి సరుకు ఎక్కడ దొరుకుతుంది? బెజవాడలో ఎవరైనా డీఎంగా (ఆట నడిపేవాడిగా) కూర్చుని నలుగురిని ఆ సొరంగంలోకి దింపారనుకుందాం. కృష్ణ ఒడ్డు ఎండలో ఉన్నంతసేపు పాత నియమాల డ్రోకి (నేల కింద బతికే ఎల్ఫ్ జాతికి) కష్టమే, సూటి ఎండలో దాని గురి తప్పుతుంది. సొరంగంలోకి దిగిన మరుక్షణం ఆ బలహీనత లెక్కలోంచి పోతుంది, 120 అడుగుల దాకా చీకట్లో చూసే కళ్లు మాత్రం మిగులుతాయి. రెక్కలున్న ఆరాకోక్రాకి కొండ మీద తిరుగులేదు, చెయ్యెత్తితే కప్పు తగిలే సొరంగంలో ఆ రెక్కలు మోత బరువు. ఏదైనా గొయ్యి అడ్డొస్తే తప్ప వాటితో పనిలేదు. డ్వార్ఫ్‌కి మాత్రం ఇది పుట్టిల్లు. 2024 నియమాల్లో రాతి మీద నిలబడితే 60 అడుగుల లోపల నేల మీద కదిలేవాళ్ల అదురుని కాసేపు పసిగట్టగలదు, దానికి తోడు విషానికి తట్టుకుంటుంది.

మనిషి, హాఫ్లింగ్ ఇద్దరికీ చీకటి చూపు లేదు, కాగడా కావాలి. కాగడా 20 అడుగుల దాకా బాగా వెలుగిస్తుంది, ఆ తర్వాత ఇంకో 20 అడుగులు మసగ్గా. కానీ సొరంగం అవతల ఉన్నవాళ్లకి ఆ వెలుగు ఎంత దూరం నుంచైనా కనపడుతుంది. అందుకని చీకటి చూపున్నవాళ్లు నలుగురూ కలిసి కాగడా లేకుండా వెళ్దామంటారు. ఇక్కడే చాలా బృందాలు ఒక నియమం మర్చిపోతాయి. చీకటి చూపు చీకటిని పగలు చేయదు, మసక వెలుతురు చేస్తుంది, అంతే. మసకలో కళ్లతో గమనించే పాచికలకి డిస్అడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవడం), మామూలుగా పక్కచూపుతో గమనించే అంకె 5 తగ్గుతుంది. నేల మీద ఉచ్చు తీగ కట్టి ఉంటే కాగడా పట్టుకున్న హాఫ్లింగ్‌కే అది ముందు కనపడే అవకాశం ఎక్కువ. పైగా పాచిక మీద 1 పడితే హాఫ్లింగ్ మళ్లీ వేసుకోవచ్చు. ఇరవై సార్లలో ఒకసారి పడే ఆ 1 ఉచ్చు విప్పేటప్పుడు పడితే ఏమవుతుందో ఆడినవాళ్లకి చెప్పక్కర్లేదు.

బల్ల మీద ఒకరికి లేనిది ఇంకొకరు పూడుస్తారు, కాగడా ఎవరో ఒకరు పట్టుకుంటారు. స్టోన్ సూప్‌లో పట్టుకునేవాడు లేడు. అందుకే అక్కడ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు జాతుల తెరని ఒకసారి నిదానంగా చూడటం మంచిది. ఆట వాటిని తేలిక, మధ్యస్థం, కష్టం అని మూడు వరసలుగా పేర్చి చూపిస్తుంది. జాతి మీద నొక్కగానే దానికి బాగా సరిపోయే నేపథ్యాలు వేరే రంగులో వెలుగుతాయి. మినోటార్, గార్గోయిల్ తేలిక వరసలో ఉంటాయి. ఫార్మిసిడ్, నాగా, మమ్మీ కష్టం వరసలో. పిల్లి జాతి ఫెలిడ్ కూడా కష్టం వరసలోనే ఉండటం చూసి కొందరు ఆశ్చర్యపోతారు, ఎందుకంటే ప్రాణం పోతే తిరిగి వచ్చే జాతి అదొక్కటే, మూడు లెవెళ్లకోసారి దానికి ఒక అదనపు ప్రాణం దక్కుతుంది. కవచం లేదు, ఆయుధం లేదు, హెచ్‌పీ 40 శాతం తక్కువ. మొదటి అదనపు ప్రాణం చేతికి వచ్చేలోపే చాలా పిల్లులు రెండో అంతస్తులో నక్కలకి దొరికిపోతాయి. మినోటార్‌తో ఒకసారి రూన్ చేతికి చిక్కాక, గార్గోయిల్‌తో మంత్రాలు రుచి చూశాక, అప్పుడు పిల్లి జోలికి వెళ్లొచ్చు.